పెనంబ్రా గొడుగుల కొట్టు

గొడుగాయనకి అసలు పేరు ఒకటి ఉండేదిగానీ, దాన్ని కరెంటు బిల్లు తప్ప ఇంకెవరూ వాడేవారు కాదు. బజారంతా ఆయన్ని గొడుగాయన అనే పిలిచేది. ఆ లెక్కన వాళ్ళావిడ గొడుగావిడ అయింది. ఆ పిలుపు ఆవిడకి గిట్టదు. తనేమైనా మడతపెట్టి మూలన నిలబెట్టే మనిషా అని అడిగేది. ఆ మాటా నిజమే, ఆవిడని మడతపెట్టగలవాడు ఇంతవరకూ పుట్టలేదు.

కొట్టు చిన్నది. నడుమ నిలబడి రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. ముందు ఒక బల్ల, దాని మీద పట్టకారు, సన్నతీగ చుట్ట, పాత బిస్కెట్ల డబ్బా నిండా స్ప్రింగులు. పైకప్పునుంచి గొడుగులు గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. గొడుగాయన తాడిచెట్టంత మనిషి. చిన్నప్పటినుంచీ వాటి కింద తల వంచి తిరిగి తిరిగి, చివరికి ఆకాశం కింద కూడా తల వంచుకునే నడవడం అలవాటైపోయింది. ఎదురొచ్చినవాళ్ళు తమకే వంగుతున్నాడనుకుని గబుక్కున నమస్కారం పెట్టేవారు. ఆ విధంగా ఏ కష్టమూ పడకుండానే ఆయనకి మర్యాదస్తుడని పేరొచ్చింది.

పని తండ్రి నేర్పాడు. విరిగిన కమ్మీకి రేకు తొడిగి బిగించడం, చిరిగిన బట్టకి కనపడకుండా మాసిక వేయడం, ఊడిన పిడిని అతికించడం. పెళ్ళి కూడా ఆ పని చలవే. ఒక వానాకాలంలో ఒకమ్మాయి ఒకే గొడుగుని మూడుసార్లు రిపేరుకి తెచ్చింది. మొదటిసారి గాలికి విరిగిందంది. రెండోసారి బస్సు తలుపులో ఇరుక్కుందంది. మూడోసారి మెట్ల మీద పడిందంది. గొడుగాయన ఆ కమ్మీని వేలితో తడిమి చూశాడు. పడి విరిగిన కమ్మీ అలా ఉండదు. ఎవరో మోకాలికి ఆనించి పుటుక్కుమనిపించారు. కనిపెట్టాడు, కనిపెట్టి నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన తెలివైన పని అదొక్కటేనని ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

ఆవిడతోపాటు ఆయనకి ఒక బావమరిది కూడా దక్కాడు. నీళ్ళ ఆఫీసులో గుమస్తా. పొద్దున్నే పేపర్లో గళ్ళనుడికట్టు నింపితేగానీ పళ్ళు తోముకోడు. గళ్ళు మూడుండి మాటకి నాలుగు అక్షరాలుంటే, ఒక గడిలో రెండు ఇరికించి తప్పంతా గళ్ళు గీసినవాడిదేనంటాడు. అందుకే అతనికి డిక్షనరీ అని పేరు. జనం వెక్కిరింతకి పెట్టారు, అతను బిరుదనుకుని పుచ్చుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడంతో ఊరుకోడు, నాలుగో కాలు వ్యాకరణం ప్రకారం చెల్లదని కూడా రుజువు చేస్తాడు. అతనికి ఎదురు చెప్పడం గొడుగాయనకి చేతనయ్యేది కాదు. భయమేమీ లేదు. కాదు అని ఒక్క మాటంటే తిరిగి గంపెడు మాటలు వినాలి, దానికంటే సరేననడమే సుఖం.

అలా సుఖంగా రోజులు గడుస్తుండగా బజారు చివర కొత్త గొడుగుల కొట్టు వెలిసింది. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి, తలుపు మీద బంగారు రంగులో పేరు. గొడుగావిడ ఒకరోజు సాయంత్రం అటుగా వెళ్ళి చూసొచ్చి, వాళ్ళకి పేరుంది, మనకి లేదు, తెల్లారేసరికి మనకీ ఒక పేరు కావాలని మొగుడికి చెప్పింది. తండ్రిగారి కాలంనుంచీ గొడుగుల కొట్టు అంటే చాలుగా అని గొడుగాయన నసిగాడు. ఆవిడ వినలేదు. తమ్ముడికి కబురు పంపింది.

డిక్షనరీ తడుముకోలేదు. ఆ మాట ముందే జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టుగా బల్ల మీద చెయ్యి చరిచి, పెనంబ్రా అన్నాడు. ఆ మధ్య గళ్ళనుడికట్టులో తగిలిన మాటట. గ్రహణాలకీ నీడలకీ సంబంధించినదట.

"అంబ్రా అంటే లాటిన్‌లో నీడ, బావా. అంబ్రెల్లా అందులోంచి వచ్చిందే. ఇక పెను అంటే నీకు తెలుసుగా. పెనుగాలి, పెనుతుఫాను, పెనుభూతం. పెను, అంబ్రా. ఉత్తుకి అచ్చు పరమైంది, సంధి జరిగింది. పెనంబ్రా. అంటే మహా నీడ."

లాటిన్‌కీ తెలుగుకీ ఉత్వసంధి ఎలా కుదిరిందని అక్కడెవరూ అడగలేదు. గొడుగావిడకి మహా నీడ అన్న ముక్క నచ్చింది. గొడుగాయనకి కూడా, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగానే అనిపించింది. ఇన్నాళ్ళూ తాను చేస్తున్నది చిల్లులు మూయడం అనుకున్నాడు. మహా నీడ పంచడమని ఇప్పుడే తెలిసింది.

బోర్డు రాసేవాడు రంగుల డబ్బాలతో వచ్చాడు. మంచి పనివాడేగానీ, ముందు చోటు కొలుచుకుని తరవాత రాసే అలవాటు లేదు. మొదటి రెండక్షరాలూ ఏనుగుల్లా రాసేసరికి బోర్డు అయిపోయింది. మూడో అక్షరం కింది వరసలోకి దిగింది. పై వరసలో పెనం, కింది వరసలో బ్రా. మిగిలిన చోట్లో నల్లటి గొడుగు బొమ్మ వేశాడు. గుండ్రంగా, నల్లగా, పక్కకి పొడుగాటి పిడితో. ఎవరు చూసినా అచ్చం పెనం బొమ్మే.

మర్నాటినుంచి కొట్టుకి జనం పెరిగారు. వచ్చినవాళ్ళలో సగం మంది పెనాలు అడిగారు. ఒక పెద్దాయన అంటుకోని రకం ఉందా అన్నాడు. ఒకావిడ మాడిపోయిన పెనం సంచిలోంచి తీసి, పిడి బిగించిపెట్టమంది. గొడుగాయన మెత్తని మనిషి కాబట్టి బిగించిపెట్టాడు. కాలేజీ అమ్మాయిలు కింది వరస చదువుకుని ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ వెళ్ళారు. వాళ్ళెందుకు నవ్వారో గొడుగాయనకి అర్థం కాలేదు. గొడుగావిడకి అర్థమైంది. ఆ పూట తమ్ముడికి టీ ఇవ్వలేదు.

పక్కనే పాత్రల కొట్టుంది. దాని యజమానురాల్ని అందరూ గిన్నెలక్క అంటారు. గొడుగాయన పెనాల కోసం వచ్చినవాళ్ళనందరినీ అక్కడికే పంపేవాడు. గిన్నెలక్క మొదట మురిసిపోయింది. వారం తిరిగేసరికి అనుమానం మొదలైంది. ఇంతమందిని పంపుతున్నాడంటే లోపల ఎంతమందికి అమ్ముతున్నాడో అనుకుని, ఒకరోజు కొట్లోకి వచ్చి వేలాడే గొడుగులన్నీ జరిపి జరిపి వెనకాల పెనాలున్నాయేమోనని వెతికింది. దొరికింది ఆవిడదే పాత గొడుగు ఒకటి. రిపేరుకిచ్చి రెండేళ్ళయినా తీసుకెళ్ళడం మర్చిపోయింది.

ఈ గందరగోళం నడుస్తుండగా సైన్సు టీచరమ్మ వచ్చింది. రిటైరై చాలా కాలమైందిగానీ, ఇప్పటికీ దారిన పోయేవాళ్ళని ఆపి నిటారుగా నడవమని చెప్పే మనిషి. చేతిలో గాలికి తిరగబడిన గొడుగుంది. గుమ్మం ముందు ఆగి బోర్డు చూసింది. చదివింది. మళ్ళీ చదివింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు ముక్కు మీదకి జారింది, అయినా ఆగలేదు. గొడుగాయన స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి, బోర్డు మీది మాటకి అర్థం మహా నీడ అని తానే వినయంగా చెప్పాడు. దాంతో తాగుతున్న నీళ్ళు ఆవిడకి పొలమారాయి.

"ఎవరు చెప్పారండీ మీకు?" అంది దగ్గు తగ్గాక.

"మా బావమరిది. సంధి కూడా చేసి చూపించాడండి."

టీచరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. అంబ్రా అంటే నీడ, అంతవరకూ బావమరిది చెప్పింది నిజమే. అంబ్రెల్లా అంటే చిన్న నీడ, అదీ నిజమే. కానీ ముందున్న ముక్క మన పెను కాదు. అది లాటిన్‌లో పేనె. పేనె అంటే దాదాపు. నాలుగు వందల ఏళ్ళ కిందట గ్రహణాల గురించీ వెలుతురు గురించీ పుస్తకం రాస్తున్న ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడికి, పూర్తిగా నల్లగా లేని నీడకి ఒక పేరు కావలసి వచ్చింది. ఆ రెండు ముక్కలూ కలిపి ఈ మాట కట్టాడు. పెనిన్సులాలో ఉన్నదీ ఆ ముక్కే, దాదాపు దీవి అని. మనవాళ్ళు దాన్ని ద్వీపకల్పం అనలేదూ, అక్కడ కల్పం ఎలాంటిదో ఇక్కడ పేనె అలాంటిది. పాఠాల్లోనైతే ఈ నీడని ఉపచ్ఛాయ అని చెబుతారు.

గొడుగాయన ముఖం చూసి ఆవిడకి పాఠం చెప్పే హుషారొచ్చింది. ఆయన చేత ఒక పెద్ద గొడుగు తెరిపించి, ట్యూబులైటుకీ గోడకీ మధ్య పట్టించింది. గోడ మీద నీడ పడింది. నడిమధ్యలో చిక్కగా ఉంది. అంచుల దగ్గర మాత్రం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా పలచబడిపోయింది.

"ఆ చిక్కటి చోట నిలబడి చూస్తే లైటు అసలు కనపడదు. ఆ పలచటి చోట నిలబడితే కొంత కనపడుతుంది, కొంత గొడుగు చాటున ఉంటుంది. అదే మీ పెనంబ్రా. దాదాపు నీడ."

"అంటే మా బోర్డు మీద..."

"దాదాపు గొడుగులు అమ్మబడును అని రాసుకున్నారు" అంది టీచరమ్మ, తన గొడుగు మర్నాటికి కావాలని చెప్పి వెళ్ళిపోతూ.

గొడుగాయనకి ఆ పూట అన్నం సయించలేదు. తండ్రి ముప్ఫై ఏళ్ళు నమ్మకంగా నడిపిన కొట్టు. కన్నుమూసేముందు కూడా ఎవరి గొడుగుకో స్ప్రింగు మార్చాలని గుర్తుచేసిన మనిషి. ఆయన కొట్టు నెత్తిన ఇప్పుడు దాదాపు అని రాసి ఉంది. డిక్షనరీని పిలిచి ఉన్నమాట చెప్పాడు. డిక్షనరీ ముందు వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. తరవాత, దాదాపు మహా నీడ అనుకోవచ్చుగా అన్నాడు. రెండూ కలిపి.

తీర్పు గొడుగావిడదే అయింది. ఆవిడ గోడకి ఆనుకుని అంతా విని, అందులో అబద్ధం ఏముందని అడిగింది.

"ఏ గొడుగేసుకున్నా ఒక భుజం తడవడం లేదూ? మోకాళ్ళ కింద సంగతేంటి? ఆ అద్దాల కొట్టువాళ్ళు చెప్పరు, మనం చెప్పాం. బోర్డు ఉండనివ్వండి."

గొడుగాయన ఆలోచిస్తే అందులో న్యాయం కనిపించింది. అక్కడితో కథ సుఖంగా ముగిసేదే. కానీ మర్నాడు గొడుగు తీసుకెళ్ళడానికి వచ్చిన టీచరమ్మ, రాబోయే పౌర్ణమినాడు చంద్రగ్రహణం ఉందని, చంద్రుడు భూమి అసలు నీడలోకి రాకుండా పెనంబ్రాలోంచి మాత్రమే వెళ్ళిపోతాడని మాటవరసకి చెప్పింది. ఆ మాట డిక్షనరీ చెవిన పడింది. పోయిన పరువు రాబట్టుకోవడానికి ఆకాశమే కలిసొచ్చిందనుకున్నాడు. సాయంత్రానికల్లా బజారులో ప్రతి గోడ మీదా కాగితాలు అంటించాడు. పెనంబ్రా వారి చంద్రగ్రహణం, కొట్టు పైన డాబా మీద, చీకటి పడగానే, అందరూ ఆహ్వానితులే. చదివినవాళ్ళకి గ్రహణాన్ని గొడుగాయనే తెప్పిస్తున్నట్టుగా ఉంది.

టీచరమ్మ ఆ కాగితం చూసి పరుగున వచ్చింది. ఆ గ్రహణం కంటికి ఆనదని చెప్పింది. నిండు చంద్రుడి మీద ఒక పక్కన ఇంత మసి తగిలినట్టు, అదీ పట్టిపట్టి చూస్తేనే. ఆ సంగతి డిక్షనరీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా ఎక్కలేదు. గ్రహణం అన్నాక కనపడక చస్తుందా అన్నాడు. గొడుగాయన వద్దని చెబుదామని నోరు తెరిచాడు. గంపెడు మాటలు గుర్తొచ్చి మూసేశాడు.

పౌర్ణమినాడు డాబా కిటకిటలాడింది. గిన్నెలక్క ఇంట్లోంచి కుర్చీలు తెప్పించి ముందు వరసలో కూర్చుంది. టీ కొట్టాయన కెటిలుతో సహా వచ్చాడు. దర్జీ నల్లకళ్ళజోడు పెట్టుకొచ్చాడు. మంగలి తన మోకాలి ఎక్స్‌రే తెచ్చుకున్నాడు, దాంట్లోంచి చూస్తే కళ్ళకి మంచిదని. చంద్రగ్రహణానికి అవేమీ అక్కర్లేదని టీచరమ్మ చెప్పబోయి, ఎవరూ వినకపోవడంతో మానేసింది. గొడుగాయన అత్తగారిని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే పడదు. అయినా గ్రహణం చూడాలంది.

చంద్రుడు ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకు వెనకనుంచి లేచాడు. కొత్త పళ్ళెంలా తళతళలాడుతున్నాడు. జనం మెడలెత్తి చూశారు. డిక్షనరీ కుర్చీ ఎక్కి, ఇదుగో మొదలవబోతోంది అని ప్రకటించాడు. కాసేపటికి, మొదలైంది అన్నాడు. ఇంకాసేపటికి, జోరందుకుంది అన్నాడు. చంద్రుడు మాత్రం ఏమీ ఎరగనట్టు ఇంకా పైకెక్కి ఇంకా వెలిగిపోతున్నాడు.

ముందు కుడిపక్క కొంచెం నల్లబడిందని ఒకరన్నారు. ఎడమపక్క అని ఇంకొకరన్నారు. క్షణాల మీద డాబా రెండు జట్లుగా చీలింది. దర్జీకి మొత్తం నల్లగా కనిపించింది, ఆయన కళ్ళజోడు తీయలేదు. మంగలి ఎక్స్‌రేలోంచి చూస్తూ, గుండ్రంగా ఒక నీడ చంద్రుడికి అడ్డంగా వచ్చి ఆగిపోయిందని ఊపిరి బిగబట్టి చెప్పాడు. అందరూ ఆయన వెనక బారు కట్టారు. అది ఆయన మోకాలి చిప్ప అని తేలేసరికి సగం మంది చూసేశారు కూడా.

అంతలో అత్తగారు గొంతెత్తింది. ఎంత మసగ్గా ఉందో, చంద్రుడి మొహమే కనపడటం లేదు, ఇంత పెద్ద గ్రహణం తన జన్మలో చూడలేదంది. వెనక వరసల్లో చప్పట్లు కొట్టారు. గిన్నెలక్క కొట్టలేదు. ఆవిడ కుర్చీలోంచి లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని డిక్షనరీ వైపు తిరిగింది.

"ఏవయ్యా, గ్రహణం ఎక్కడ?"

డిక్షనరీ కుర్చీ దిగాడు. నీళ్ళ పైపు ఏదో కారుతున్నట్టుంది, ఆఫీసు మనిషిగా చూసి రావడం తన బాధ్యత అని గొణిగి మెట్ల గదిలోకి జారుకున్నాడు. జనమంతా గొడుగాయన వైపు తిరిగారు. కాగితాల మీద ఉన్నది ఆయన కొట్టు పేరాయె. నలుగురిలో నిలబడి మాట్లాడటం ఆయన ఎరగడు. పెళ్ళినాడు కూడా వంచిన తల ఎత్తలేదు.  పారిపోదామంటే మెట్ల దగ్గర గొడుగావిడ నిలబడి ఉంది.

ఆయన ఆవిడకి చెప్పి కిందికి దిగి, కొట్లోంచి అన్నిటికంటే పెద్ద గొడుగు తెచ్చాడు. మెట్ల గది బయట ఒక ట్యూబులైటు వెలుగుతోంది. గొడుగు తెరిచి దాని ఎదురుగా పట్టాడు. డాబా మీద నీడ పడింది. గిన్నెలక్కని పిలిచి నీడ నడిమధ్యన నిలబెట్టి, లైటు కనపడుతోందా అని అడిగాడు. లేదంది. రెండడుగులు జరగమని, ఇప్పుడో అన్నాడు. కొంచెం కనపడుతోందంది.

"అక్కా, నువ్విప్పుడు పెనంబ్రాలో ఉన్నావు. చంద్రుడు కూడా అంతే. లైటు పూర్తిగా పోలేదు, అందుకే మనకి తేడా తెలియట్లేదు. గ్రహణం ఉంది. చూట్టానికి అంత గొప్పగా ఉండదు. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు."

గిన్నెలక్క తన కాళ్ళ దగ్గరి పలచటి నీడని కిందా మీదా చూసుకుంది. ఇది తనకి ముందే తెలిస్తే కుర్చీలు మోయించేదాన్ని కాదంది. అన్నదేగానీ జరగలేదు. తరవాత దర్జీ వచ్చి నిలబడ్డాడు. పిల్లలు వచ్చారు. ఎవరు అసలు నీడలో ఉన్నారో ఎవరు దాదాపు నీడలో ఉన్నారో అని తోపులాట మొదలైంది. చంద్రుణ్ణి అందరూ మర్చిపోయారు. ఆ తోపులాటలో ఎవరో గొడుగాయన మోచేతికి తగిలారు, స్ప్రింగు వదిలింది, గొడుగు ఠప్పున మూసుకుపోయింది. తోసుకుంటూ దాని కిందికి దూరిన గిన్నెలక్క తల లోపల చిక్కుకుంది. నలుగురు పట్టి లాగితేగానీ రాలేదు. లోపలినుంచి ఆవిడ ఇది పూర్తి నీడ అని చెబుతున్నట్టు వినిపించింది. టీ కొట్టాయన నవ్వి నవ్వి కెటిలు ఒలకబోసుకున్నాడు. ఇంత బాగా జరిగిన గ్రహణం ఈ మధ్య ఎక్కడా లేదని అందరూ ఒప్పుకుని మెట్లు దిగారు.

ఆఖరుకి టీచరమ్మ, గొడుగాయన, గొడుగావిడ మిగిలారు. టీచరమ్మ గడియారం చూసుకుని, ఇప్పుడు చూడండి, ఇదే ఎక్కువ పట్టే సమయమంది. గొడుగాయన మెడ నిటారుగా చాపి చూశాడు. ఎన్నేళ్ళకో మెడ ఎముకలు పటపటమన్నాయి. చంద్రుడి పై అంచున, ఉతికినా వదలని మరకలా, కాస్త మాసినట్టు ఉంది. చూస్తుంటే ఉంది, రెప్ప వేస్తే లేదు. మళ్ళీ చూస్తే ఉంది.

"కనపడింది" అన్నాడు. తరవాత నిజాయితీగా, "అనుకుంటా" అన్నాడు.

గొడుగావిడ చంద్రుణ్ణి చూడటం మానేసి మొగుణ్ణే చూస్తోంది. ఈయన ఇంత పొడుగని ఆవిడకి ఇప్పుడే తెలిసింది. ఇంటికెళ్ళాక చొక్కాల కొలతలన్నీ మళ్ళీ తీసుకుంది.

ఆ తరవాత కొట్టుకి ఒక కొత్త రకం జనం రావడం మొదలైంది. గిన్నెలక్క తల ఇరుక్కున్న గొడుగు చూడాలని వచ్చి, చూసి, ఇంకొకటి కొనుక్కుని పోయేవారు. గొడుగాయన ప్రతి ఒక్కరికీ ఏ గొడుగు ఎంత కప్పుతుందో, ఎక్కడ తడుస్తారో నిలబెట్టి చూపించి మరీ ఇచ్చేవాడు. అద్దాల కొట్టువాళ్ళకి ఇది చేతకాలేదు. కింది వరసలో ఒంటరిగా పడున్న అక్షరాన్ని మాత్రం గొడుగావిడ దగ్గరుండి పైకెక్కించింది. పని అయిందాకా బోర్డు రాసేవాడి నిచ్చెన వదల్లేదు.

గిన్నెలక్కకి ఇప్పుడు తన కొట్టుకీ ఒక పేరు కావాలనిపించింది. ఒకరోజు పొద్దున డిక్షనరీని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. టీ అయ్యేలోపే అతను గొడుగుల కొట్లోకి పరుగెత్తుకొచ్చాడు. మాట దొరికిందట. పాండెమోనియం. పాన్ అంటే పెనమే కదా, మిగతాది హార్మోనియం లాంటిదేదో అయ్యుంటుంది, వంటింటి సంగీతం అన్నమాట. గిన్నెలక్కకి నోటినిండా ఉందని నచ్చేసిందట. బోర్డు రాసేవాడికి కబురు కూడా వెళ్ళిపోయిందట.

గొడుగాయన పట్టకారు బల్ల మీద పెట్టాడు.

"ముందు టీచరమ్మని అడిగిరా" అన్నాడు.

డిక్షనరీ నోరు తెరిచాడు. గొడుగాయన తల వంచలేదు, చూపు తిప్పలేదు. "అడిగిరా, వెళ్ళు. బోర్డు రాసేవాణ్ణి నేను ఆపుతా."

డిక్షనరీ మొహం ముడుచుకుని వెళ్ళాడు. టీచరమ్మ నవ్వు వీధి చివరిదాకా వినిపించిందంటారు. ఆ మాటకి అర్థం దెయ్యాలన్నీ ఒకచోట చేరి చేసే రభస అని తెలుసుకుని తిరిగొచ్చి, ఆ సంగతి గిన్నెలక్కకి ఎవరు చెప్పాలన్నదాని మీద బావా బావమరుదులు మధ్యాహ్నందాకా గుసగుసలాడుకున్నారు. చివరికి గొడుగాయనే వెళ్ళాడు. గిన్నెలక్క శాంతంగా విని, పిల్లలు నలుగురున్న తన కొట్టుకి అంతకంటే సరైన పేరు దొరకదని, అదే రాయించమంది.